ఫోన్‌లో బాలవాడి నిజంగా చవకేనా? వైట్‌ఫీల్డ్ షెడ్ల పిల్లల గురించి అడిగినవారికి

మీరు అడిగింది టూకీగా ఇదీ. బెంగళూరు వైట్‌ఫీల్డ్ వైపు రేకుల షెడ్లలో ఉండే పాలమూరు, అనంతపురం కూలీల పిల్లలు, నాలుగైదేళ్ల వాళ్లు, నూటయాభై మంది దాకా ఉన్నారు. వానలకు షెడ్లలోకి నీళ్లొచ్చి కుటుంబాలు మూడు చోట్లకు చెదిరిపోయాయి. మీ ఆఫీసు మిత్రులంతా కలిసి 10 లక్షలు పోగుచేశారు. ఒక యాప్ కంపెనీ వాళ్లొచ్చి "పిల్లకు 900 రూపాయలే, ఈ డబ్బుతో వెయ్యిమందికి పైగా చెప్పేస్తాం" అన్నారు. లెబనాన్‌లో ఫోన్ మీద 11 వారాలు చెబితే ఏడాది బడితో సమానమైందని కూడా చూపించారు. ఫోన్ మీద పెట్టాలా, ఒక గది అద్దెకు తీసుకుని టీచర్‌ని పెట్టాలా అన్నది మీ సందేహం.

నా జవాబు ముందే చెప్పేస్తాను. మీ షెడ్ల పిల్లలకు ఫోన్ పనికొస్తుంది. అయితే అవతల మనిషి ఉండాలి, ఆ మనిషి పిల్లాణ్ని పేరు పెట్టి పిలవాలి, ఒక్కో కాల్‌లో ఐదారుగురికి మించకూడదు. అలా చేస్తే పిల్లకు 900తో అవదు, నాలుగు నెలలకు అయిదు వేల పైమాటే. మీ డబ్బుకు వెయ్యిమంది రారు, వందమంది వస్తారు. మూడు చోట్లలో ఎక్కడైనా నడిచి వెళ్లేంత దూరంలో అంగన్‌వాడీ ఉంటే, అక్కడి పిల్లలకు ఫోన్ మాట వదిలేసి ఆ వాటా డబ్బు అంగన్‌వాడీ మీదే పెట్టండి.

ఇంత ఖరాఖండిగా ఎందుకు చెబుతున్నానంటే, ఈ లెక్క నేను ఒకసారి తప్పు వేశాను.

నేను చెన్నైలో ఒక చిన్న ట్రస్టులో పదహారేళ్లుగా ఉన్నాను. మొదట అకౌంట్స్ చూసేదాన్ని, తర్వాత పిల్లల కార్యక్రమాలు నా మీద పడ్డాయి. మా పని ఎక్కువగా పెరుంబాక్కం, కన్నగి నగర్ వైపు. నగరం మధ్యలో నీటి ఒడ్డున ఉన్న ఇళ్లు ఖాళీ చేయించి తెచ్చి పెట్టిన కాలనీలవి. చెన్నైలో చెత్త ఎత్తే పని, రోడ్లు ఊడ్చే పని తరతరాలుగా చేస్తున్న తెలుగు కుటుంబాలు అక్కడ చాలా ఉన్నాయి. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. 2020లో బడులతో పాటు అంగన్‌వాడీలు కూడా మూతపడ్డాక ఆ కుటుంబాల్లో నాలుగైదేళ్ల పిల్లలు 120 మందికి 16 వారాలు ఫోన్‌లో చెప్పాం. వారానికి మూడు కాల్స్, అరగంట చొప్పున. అయిదుగురు టీచర్లు, ఒక్కొక్కరికి 24 మంది పిల్లలు, ఆరుగురి చొప్పున నాలుగు బ్యాచ్‌లు.

అయ్యాక దాతలకు పంపిన రిపోర్టులో పిల్లకు 1,833 రూపాయలు అని రాశాను. అందరూ మెచ్చుకున్నారు. ఆ అంకె తప్పు కాదు, కానీ అబద్ధమే. టీచర్ల జీతాలు, సూపర్‌వైజర్ జీతం అప్పటికే నడుస్తున్న ఇంకో ప్రాజెక్టు పద్దులో ఉన్నాయి. ఈ పద్దులో చూపించింది రీఛార్జులు, కిట్లు, ప్రింటింగు, శిక్షణ, ఆటో ఖర్చులు మాత్రమే. కొన్నాళ్లకు వేరే ఊరివాళ్లు మా మాదిరిగా చేద్దామని ఆ అంకె చూసి బడ్జెట్ వేసుకున్నారు. రెండో నెలకే జీతాలకు డబ్బు లేదని ఫోన్ చేశారు. అప్పుడు సిగ్గేసి మొత్తం పద్దులు మళ్లీ తీశాను.

టీచర్ల జీతాలు 2,40,000. సూపర్‌వైజర్‌కి 80,000. తల్లిదండ్రుల ఫోన్లకు నెలనెలా వేసిన రీఛార్జులు 96,000. పలక, బలపాలు, రంగులు, బొమ్మల కార్డులు కలిపిన కిట్టు ఒక్కోటి 350 చొప్పున 42,000. శిక్షణ, కార్డులు గీయించి ప్రింటు వేయించడం, కిట్లు ఇళ్లకు చేర్చడం, చిల్లర మల్లర అన్నీ కలిపి 82,000. మొత్తం 5,40,000. అంటే పిల్లకు 4,500.

ఇక్కడితో ఆగితే ఇంకా సగం లెక్కే. 120 మంది పేర్లు రాసుకున్నాం సరే, హాజరు పట్టీ తిప్పి చూస్తే సగానికి పైగా కాల్స్‌కి వచ్చినవాళ్లు 72 మంది. మిగతావాళ్లు నాలుగైదు వారాలు వచ్చి జారిపోయారు. నిజంగా ఏదో నేర్చుకునేంత అందినవాళ్లకు లెక్కేస్తే పిల్లకు 7,500. ఒకే కార్యక్రమం, ఒకే ఖర్చు: 1,833 అనొచ్చు, 4,500 అనొచ్చు, 7,500 అనొచ్చు. మీ యాప్ వాళ్లు చెప్పే 900 వీటిలో ఏ రకం అంకె అని ముందు అడగండి. డౌన్‌లోడ్ చేసుకున్న ప్రతి ఫోన్‌నీ ఒక పిల్లాడిగా లెక్కేస్తున్నారా? రీఛార్జు ఎవరు వేస్తారు? వారం వారం తల్లికి ఫోన్ చేసి పిల్లాడు ఏం చేశాడని అడిగే మనిషి జీతం అందులో ఉందా? ఆ మనిషే లేకపోతే ఇక అంకె గురించి మాట్లాడుకోవడం అనవసరం.

లెబనాన్ మాటకొస్తాను. అది నిజమే, మంచి అధ్యయనమే. పిల్లల టీవీ కార్యక్రమాలు తీసే సెసమీ వర్క్‌షాప్, శరణార్థులకు సాయం చేసే ఇంటర్నేషనల్ రెస్క్యూ కమిటీ కలిసి సిరియా యుద్ధం వల్ల చెల్లాచెదురైన పిల్లల కోసం 'అహ్లన్ సింసిం' అనే కార్యక్రమం చేశాయి. దానికి 2017లో అమెరికాలోని మెకార్థర్ ఫౌండేషన్ అనే దాతృత్వ సంస్థ 10 కోట్ల డాలర్లు ఇచ్చింది. అందులో ఒక భాగంగా, లెబనాన్‌లో బడి అందని ప్రాంతాల్లో టీచర్లు తల్లిదండ్రులను చిన్న చిన్న గుంపులుగా చేసి వాట్సాప్ కాల్స్‌లో 11 వారాలు పాఠాలు నడిపారు. న్యూయార్క్ యూనివర్సిటీ పరిశోధకులు దాన్ని పరీక్షించి 2023లో ఫలితాలు చెప్పారు. పిల్లల్లో కనిపించిన ఎదుగుదల, మామూలు బాలవాడికి ఏడాది వెళ్తే వచ్చేదానికి దగ్గరగా ఉందన్నారు.

మీకు చూపించిన కాగితంలో రెండు సంగతులు ఉండి ఉండవు. ఒకటి, అక్కడ పోల్చింది ఫోన్ పిల్లలను, ఏ బాలవాడీ అందక తమ వంతు కోసం ఎదురుచూస్తున్న పిల్లలతో. ఒక వీధిలో ఫోన్, పక్క వీధిలో బడి పెట్టి చూడలేదు. 'ఏడాది బడితో సమానం' అన్నది వేరే చోట్ల వేరే బడుల మీద వచ్చిన ఫలితాల పక్కన పెట్టి చెప్పిన మాట. రెండోది మీకు ఇంకా ముఖ్యం. అక్కడ పాఠం చెప్పింది యాప్ కాదు, టీచర్. మీ యాప్ వాళ్లు టీచర్లతో వచ్చిన ఫలితం చూపించి టీచర్ లేని సరుకు అమ్ముతున్నారు.

ఈ తేడా ఎంత పెద్దదో ఇంకో చోట బాగా తేలింది. కరోనాలో బడులు మూసినప్పుడు బోట్స్‌వానాలో సుమారు 4,500 కుటుంబాలతో ఒక ప్రయోగం చేశారు. కొందరికి వారం వారం లెక్కలు మెసేజ్‌లో పంపారు. కొందరికి మెసేజ్‌తో పాటు వారానికోసారి 20 నిమిషాల ఫోన్ కాల్. 2022లో వచ్చిన ఫలితం ప్రకారం, ఫోన్ కాల్ ఉన్న పిల్లలు లెక్కల్లో మెరుగుపడ్డారు, ఉత్త మెసేజ్ వెళ్లిన పిల్లల్లో చెప్పుకోదగ్గ మార్పు లేదు. తర్వాత మన దేశంతో పాటు కెన్యా, నేపాల్, ఫిలిప్పీన్స్, ఉగాండాల్లో చేసినప్పుడూ కాల్స్ పనిచేశాయి. వాళ్లంతా ప్రాథమిక పాఠశాల పిల్లలు, మీ వాళ్లు ఇంకా చిన్నవాళ్లు. ఎనిమిదేళ్ల పిల్లాడికే మెసేజ్ అక్కరకు రాకపోతే, నాలుగేళ్ల వాడికి వాట్సాప్‌లో వచ్చి పడే వీడియో ఏపాటి?

మా దగ్గర జరిగింది ఒకటి చెబుతాను. డేటా సరిగ్గా అందక చాలాసార్లు వీడియో ఆపేసి ఉత్త మాటలతోనే నడిపేవాళ్లం. ఒకరోజు కాల్‌లో నేనూ వింటున్నాను. టీచర్ "అందరూ పలక మీద సున్నా చుట్టండి" అంది. కాసేపటికి ఒక పిల్లాడు, "కనిపిస్తోందా టీచర్?" అన్నాడు. వాళ్లమ్మ చెప్పింది, పలక ఫోన్‌కి ఆనించి పట్టుకున్నాడట. మా టీచర్ తడుముకోకుండా, "కనిపిస్తోంది నాన్నా, అది పూరీలా ఉందా, ఇడ్లీలా ఉందా?" అంది. "ఇడ్లీ" అన్నాడు. "అయితే పక్కన చట్నీ పెట్టు" అంది. ఆ వెంటనే మిగతా అయిదుగురూ చట్నీలు పెట్టడం మొదలెట్టారు. ఇంకోసారి ఎవరింట్లోనో కుక్కర్ విజిల్ వేస్తే పాఠం ఆపేసి ఎన్ని విజిల్స్ వచ్చాయో లెక్కపెట్టించింది. ఆరుగురి ఇళ్లూ ఆ ఒక్క కుక్కర్ కోసం చెవులు రిక్కించాయి. మీ 10 లక్షల్లో ఎక్కువ భాగం కొనాల్సింది ఇదే. ఇది రికార్డు చేసి పంపగలిగేది కాదు.

అందుకే ఇందులో ఒక మొండి నిజం ఉంది. యాప్ వాళ్లు 'పిల్లల సంఖ్య పెరిగే కొద్దీ తలకు ఖర్చు తగ్గుతుంది' అంటారు. బొమ్మలు గీయించడం, పాటలు రికార్డు చేయడం, శిక్షణ పుస్తకం రాయడం, ఇవి ఒకసారి పెట్టే ఖర్చులు. వందమందికి పంచినా, పదివేలమందికి పంచినా అంతే కాబట్టి తలకు తగ్గుతుంది. కానీ మా పద్దులో ఆ రకం ఖర్చు ఎంత? ఆరో వంతు కూడా లేదు. ఒక టీచర్ 24 మందిని మించి చూడలేదు. 48 మంది అయితే ఇద్దరు టీచర్లు. ఈ పని పెద్దదైతే చవకవదు, పెద్దదవుతుందంతే.

ఇప్పుడు గది సంగతి. మీకు ఆశ్చర్యం కలిగించే లెక్క ఇది. మేం కన్నగి నగర్‌లో నడిపిన బాలవాడికి అప్పట్లో నెలకు 53,000 అయ్యేది: టీచర్ 15,000, ఆయా 9,000, అద్దె 12,000, సాయంత్రం చిరుతిండి 12,000, మిగతావి 5,000. పిల్లలు 25 మంది. తలకు నెలకు 2,120, నాలుగు నెలలకు 8,480. ఫోన్‌లో 4,500. అబ్బో, ఫోన్ సగానికి సగం చవక!

కానీ గంటల్లో చూడండి. బాలవాడిలో రోజుకు మూడు గంటలు, సెలవులూ నాగాలూ పోను పిల్లాడు నెలకు 57 గంటలు ఉండేవాడు. గంటకు 37 రూపాయలు. ఫోన్‌లో పదహారు వారాలకు కలిపి ఒక్కో పిల్లాడికి మేం పెట్టినవే 24 గంటలు. వచ్చినవాళ్లు వచ్చిన గంటలన్నీ కూడితే 1,500 చిల్లర. గంటకు 350 రూపాయలు! ఫోన్ దాదాపు పదిరెట్లు ఖరీదు.

రెండూ నిజమే. రెండింటిలో ఏదీ జవాబు కాదు. బాలవాడి మూడు గంటల్లో ఒక గంట కాళ్లు చేతులు కడగడం, తినడం, ఏడ్చేవాళ్లను ఊరుకోబెట్టడం. అదంతా వృథా కాదు, తల్లి పనికి పోవాలంటే ఆ మూడు గంటలు ఎవరో ఒకరు పిల్లాణ్ని చూసుకోవాలి. ఫోన్ ఆ పని చెయ్యదు సరికదా, తల్లి పక్కన కూర్చుంటే తప్ప నడవదు. ఇటు చూస్తే, ఫోన్ అరగంటలో ఆరుగురే కాబట్టి ప్రతివాడికీ నాలుగైదుసార్లు నోరు విప్పే వంతు వస్తుంది. తల్లి కూడా వింటుంది కాబట్టి మర్నాడు ఉల్లిపాయలు లెక్కపెట్టిస్తుంది. పిల్లకు ఎంత, గంటకు ఎంత అన్నవి ఖర్చు లెక్కలు. పిల్లాడికి ఏం వచ్చింది, ఆ వచ్చినదానికి ఎంతయింది అన్నది వేరే లెక్క. దాతలు మొదటిది అడుగుతారు, రెండోది అడగరు.

తల్లి సమయాన్ని మేం ఎక్కడా రాయలేదు. వారానికి గంటన్నర కాల్, రోజూ ఒక పావుగంట, ఇరవై నిమిషాలు మేం చెప్పిన పని. పదహారు వారాలకు 50 గంటలు దాటుతుంది. గంటకు 50 రూపాయలు కట్టినా పిల్లకు ఇంకో 2,500 పైన. ఇది మన జేబులోంచి పోదు కాబట్టి 'చవక' అంటున్నాం. ఆవిడ జేబులోంచి పోతోంది. కొందరు తల్లులు ఆ అరగంట తమకూ ఇష్టమన్నారు, చదువుకోని తాము కూడా అక్షరాలు నేర్చుకున్నామన్నారు. ఇంకొందరు "రోజంతా ఊడ్చి వచ్చాక మళ్లీ ఇదొక డ్యూటీ అమ్మా" అన్నారు. ఇద్దరిదీ నిజమే. మీ షెడ్ల ఆడవాళ్లు తట్టలు మోసి వస్తారు. వారానికి మూడుకి మించి కాల్స్ పెట్టకండి.

సమయం గురించి మేం చేసిన పిచ్చిపని కూడా చెప్పాలి. మొదట్లో ఉదయం 10 గంటలకు పెట్టాం, మా ఆఫీసుకి అనుకూలం కాబట్టి. ఊడ్చే పనికి తెల్లవారకముందే వెళ్లిన తల్లి మధ్యాహ్నం రెండింటికి గాని రాదు. తండ్రితో పాటు ఫోన్ కూడా బయటే ఉంటుంది. మొదటి వారం 24 మందికి ఎనిమిది మంది వచ్చారు. పిల్లలకు ఆసక్తి లేదని మా మీటింగ్‌లో రాసుకున్నాం కూడా! సాయంత్రం నాలుగుకి ఒకటి, రాత్రి ఎనిమిదికి ఒకటి పెట్టాక హాజరు రెట్టింపయింది. టీచర్ల జీతం మారలేదు, రీఛార్జు మారలేదు. ఆ ఒక్క మార్పుతో మా ఖర్చు తలకు సగమైనట్టే. మీ షెడ్లలో పని ఎన్నింటికి వదులుతారో, ఫోన్ ఎవరి దగ్గర ఉంటుందో ముందు మేస్త్రీనో, తల్లులనో అడిగి, ఆ తర్వాత టీచర్‌ని వెతకండి.

అంగన్‌వాడీ ఉంటే అక్కడే పెట్టమని పైన అన్నాను. మన దేశంలో అంగన్‌వాడీలను నడిపే ప్రభుత్వ పథకం ఐసీడీఎస్ 1975 అక్టోబరు 2న మొదలైంది. ఇవాళ దేశమంతా దాదాపు 14 లక్షల అంగన్‌వాడీలున్నాయి. గది, తిండి, టీచర్, ఆయా ఇప్పటికే ఉన్నారు. లేనిది సమయం. ఒక్క టీచరే బరువులు తూచాలి, రిజిస్టర్లు రాయాలి, సర్వేలు చెయ్యాలి, మిగిలిన కాసేపట్లో పాఠం చెప్పాలి. తమిళనాడులోనే 320 అంగన్‌వాడీలతో ఒక పెద్ద అధ్యయనం జరిగింది. కొన్నింటిలో పాఠాల కోసమే సగం పూట మనిషిని అదనంగా పెట్టారు. చదువు చెప్పే సమయం రెట్టింపయింది, పిల్లల భాష, లెక్కలు మెరుగయ్యాయి. పాత టీచర్‌కి తిండి, ఆరోగ్యం చూసుకునే తీరిక దొరికి, వయసుకు తగ్గ ఎత్తు లేని పిల్లల సంఖ్య కూడా తగ్గింది. పెట్టిన ఖర్చుకు మేలు ఎన్నో రెట్లు ఉంటుందని లెక్కగట్టారు. ఉన్నదాని పక్కన ఒక మనిషిని చేర్చడం కంటే చవకైన మార్గం నాకు ఇంతవరకు కనబడలేదు. అంగన్‌వాడీలో బయటి మనిషిని కూర్చోబెట్టాలంటే శాఖవారి అనుమతి కావాలి. ఒకటి రెండు నెలలు తిరగాల్సి వస్తుంది, తిరగండి.

ఇంకో మాట, చట్టం గురించి. 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న 1996 నాటి భవన నిర్మాణ కార్మికుల చట్టం ప్రకారం 50 మందికి మించి ఆడవాళ్లు పనిచేసే సైటులో ఆరేళ్లలోపు పిల్లల కోసం గది యజమానే ఏర్పాటు చేయాల్సి ఉండేది. ఇప్పుడు దాని స్థానంలో కొత్త కార్మిక కోడ్‌లు వచ్చాయి కాబట్టి నియమం ఎలా ఉందో కార్మిక శాఖలో కనుక్కోండి. మీ మూడు చోట్లలో ఒకటి పెద్ద సైటు అన్నారు కదా. బిల్డర్‌ని అడగండి. గది ఆయన ఇస్తే టీచర్ జీతం మీరిస్తే చాలు. ఆయన చేయాల్సింది మీ చందాతో మీరు చేసి పెట్టకండి.

మరి ఫోన్ ఎవరికి? నా అనుభవంలో మూడు రకాల పిల్లలకు. నడక దూరంలో ఏదీ లేనివాళ్లకు. నెలకో సైటుకి మారిపోయేవాళ్లకు: గది వాళ్ల వెంట రాదు, ఫోన్ నంబరు వస్తుంది. (సిమ్ మారుస్తూ ఉంటారు, అందుకే ఊళ్లో ఉన్న అమ్మమ్మదో నాన్నమ్మదో నంబరు కూడా రాసుకోండి.) మూడోది భాష. మీ పిల్లలకు దగ్గర్లోని అంగన్‌వాడీ కన్నడంలో ఉంటుంది. కన్నడం నేర్చుకోవాలి, తప్పదు, బడికి వెళ్లాక అదే అన్నం పెడుతుంది. కానీ నాలుగేళ్ల పిల్లాడు మొదటిసారి కథ వినేది, ప్రశ్న అడిగేది ఇంటి భాషలో అయితే ఎంత తేడా ఉంటుందో నేను పెరుంబాక్కంలో కళ్లారా చూశాను. బాలవాడిలో ఏడాదిపాటు నోరు విప్పని పిల్ల, ఫోన్‌లో తెలుగు టీచర్‌తో మూడో వారానికే తగవుపడేది. ఆ టీచర్ ఉండేది చిత్తూరులో. తెలుగు టీచర్‌ని వైట్‌ఫీల్డ్‌లో వెతకాల్సిన పని లేదు, కదిరిలోనో మక్తల్‌లోనో ఉన్నా చాలు. పైగా అక్కడివాళ్లకు ఆ యాస తెలుసు. ఇది గదికి లేని, ఫోన్‌కి మాత్రమే ఉన్న లాభం.

వరద వచ్చిన వెంటనే మాత్రం ఫోన్ జోలికి పోకండి. 2023 డిసెంబరు మిచౌంగ్ తుపానుకి మా వైపు కరెంటు లేక, సిగ్నల్ లేక రోజులు గడిచాయి. ఫోన్లు తడిసిపోయాయి, ఉన్నవాళ్లు చార్జింగ్ దాచుకుని బంధువులకు చేసుకున్నారు. ఆ వారాల్లో పిల్లలకు కావాల్సింది పాలు, పొడిబట్టలు, ఆడుకోవడానికి కాస్త చోటు, భయపడితే దగ్గరకు తీసుకునే పెద్దమనిషి. పాఠాలు మూడు నాలుగు వారాల తర్వాత. మీ కుటుంబాలు ఇప్పుడు ఎక్కడో ఒకచోట కుదురుకున్నాయంటున్నారు కాబట్టి సరే.

మీ డబ్బుకు నేనైతే ఇలా వేస్తాను. ఇప్పటి జీతాలకు ఫోన్ తరగతి నాలుగు నెలలకు పిల్లకు 5,500 దాకా పట్టుకోండి. మీ మూడు చోట్లలో ఒకదాని దగ్గర అంగన్‌వాడీ ఉందనుకుంటే, అది లేని రెండు చోట్ల 96 మంది, నలుగురు టీచర్లు: 5,28,000. అంగన్‌వాడీ దగ్గరున్న చోట సగం పూట మనిషికి ఏడాది జీతం, బొమ్మలు, కార్డులు: లక్షన్నర. మధ్యలో జారిపోయినవాళ్లలో 30 మందికి మళ్లీ ఒకసారి చెప్పడానికి: 1,65,000. పిల్లలకు ఏం వచ్చిందో చూడటానికి 60,000. మిగిలిన తొంభై వేల చిల్లర చేతిలో ఉంచుకోండి, మీరు అనుకోనిది ఒకటి తప్పకుండా వస్తుంది.

ఆ 60,000 దండగ అని మీ మిత్రులు అంటారు. మాకూ అనిపించింది. నాలుగేళ్ల పిల్లలు మనం ఏమీ చేయకపోయినా నాలుగు నెలల్లో ఎదుగుతారు. మొదట పది వస్తువుల్లో నాలుగు చెప్పినవాడు తర్వాత ఏడు చెబితే అది మన గొప్ప కాదు, వాడి వయసు. అందుకని మీ 96 మందినీ ఒకేసారి మొదలుపెట్టకండి. చీటీలు వేసి 48 మందికి ముందు, 48 మందికి తర్వాత. నలుగురు టీచర్లు నాలుగు నెలలు చేసే బదులు ఇద్దరు ఎనిమిది నెలలు పనిచేస్తారు, ఖర్చు అంతే. మొదటి విడత అయ్యాక రెండు గుంపులనూ ఒకే రోజు చూడండి, తేడా తెలుస్తుంది. పరీక్ష పెద్దదేమీ వద్దు: గుప్పెడు చింతగింజల్లోంచి ఏడు తీసి ఇమ్మనడం, బొమ్మ చూసి రెండు మాటలు చెప్పమనడం, తన పేరున్న కార్డు గుర్తుపట్టడం, 'పలక మంచం మీద పెట్టి చెప్పులు తెచ్చివ్వు' లాంటి రెండు పనులు వరసగా చేయించడం. ఎదురుగా కూర్చునే చూడాలి. మేం ఫోన్‌లో పరీక్ష పెడితే 'ఏడు... ఏడు...' అని వెనకనుంచి తల్లి గొంతు వినిపించేది. ఆమె తప్పు కాదు, తన పిల్ల ఓడిపోకూడదు కదా.

చివర్లో ట్యాబ్‌లు కొని ఇవ్వాలా అని అడిగారు. వద్దు. మాకు ఒక దాత 20 ఇచ్చారు. ఆరు నెలలకు లెక్క చూస్తే ఆరు పగిలాయి, మూడు తాకట్టులో ఉన్నాయి, నాలుగు 'పాడవుతాయని' బీరువాలో తాళం వేసి ఉన్నాయి. మిగిలిన ఏడింటిలో ఇంటి పెద్దకొడుకు సినిమాలు చూస్తున్నాడు. ఇంట్లో ఉన్న మామూలు ఫోన్‌కి రీఛార్జు వేయండి, అది కూడా తల్లి నంబరుకి.